గట్టు ఎవరిది? ఉత్సర్గ ధర్మమూ హుస్సేన్‌సాగర్ నాలా ఒడ్డూ

నగరంలో పాడుబడిన నీటి ఒడ్డును బాగుచేసి నలుగురూ తిరిగే తోటగా మార్చడం పురపాలక సంఘం చేయవలసిన పనుల్లో ఒకటి మాత్రమేనా, లేక ధర్మశాస్త్రాలు చెప్పే అర్థంలో అది పుణ్యకార్యం కూడానా అన్న ప్రశ్న హైదరాబాద్ వంటి ఊరికి తప్పించుకోరానిది. ఈ ఊళ్లో చెరువు కట్ట కింద కట్టమైసమ్మ గుడి ఉంది, చెరువు నడుమ బుద్ధుడు నిలబడి ఉన్నాడు, చెరువును కట్టించిన హుస్సేన్ షా వలీని జనం సూఫీ సాధువుగా కొలుస్తారు, ఏటా వినాయకులు ఆ నీళ్లలోకే చేరతారు. అదే చెరువు నుంచి పొర్లిన నీరు మాత్రం ఎవరికీ పట్టని మురుగుకాలువగా ఇళ్ల వెనక గోడల మధ్య పారుతుంది. ఇంత భక్తి చుట్టుముట్టిన నీరు ఇంత నిర్లక్ష్యానికి ఎలా గురైందో, ఆ నిర్లక్ష్యాన్ని సరిదిద్దడానికి మన ధర్మచింతనలో ఎలాంటి ఆధారం దొరుకుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇబ్రహీం కుతుబ్ షా కాలంలో, 1562 ప్రాంతంలో కట్టిన హుస్సేన్‌సాగర్‌కు అన్ని చెరువులకూ ఉన్నట్టే మత్తడి ఉంది. మత్తడి అంటే చెరువు నిండినప్పుడు కట్ట తెగకుండా అదనపు నీరు పొర్లిపోవడానికి వదిలిన రాతికట్టడం. దీన్నే అలుగు అని కూడా అంటారు. ఈ మత్తడి నీరు పోయే కాలువ, అధికారుల కాగితాల్లో హుస్సేన్‌సాగర్ సర్‌ప్లస్ నాలా, లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి బయలుదేరి దోమలగూడ, అశోక్‌నగర్, నారాయణగూడ, నల్లకుంట, అంబర్‌పేటల వైపు సాగి చివరకు మూసీలో కలుస్తుంది. గ్రూప్స్ పరీక్షలకు చదివే వేలమంది యువకుల హాస్టళ్లు, చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం, త్యాగరాయ గానసభ, నారాయణగూడ కళాశాలలు అన్నీ ఈ నాలాకు నడిచిపోయేంత దూరంలోనే ఉన్నా, అక్కడ చదివేవారిలోనూ పాడేవారిలోనూ దాని ఒడ్డున నిలబడి నీటిని చూసినవారు అరుదు. ఎందుకంటే నిలబడడానికి ఒడ్డు లేదు. 2000 ఆగస్టు 24న సుమారు 24 సెంటీమీటర్ల వాన పడి లోతట్టు కాలనీలు మునిగినప్పుడు నాలా అందరికీ గుర్తుకువచ్చింది, తర్వాత మరిచిపోయారు, మళ్లీ ముంపు వచ్చినప్పుడు మళ్లీ గుర్తుచేసుకున్నారు. ఇటీవలి సంవత్సరాల్లో నాలాల అభివృద్ధి కార్యక్రమం కింద దానికి రెండు పక్కలా కాంక్రీటు రక్షణగోడలు కట్టే పని చేపట్టారు. ఈ గోడలు ముంపును తగ్గించవచ్చుగాని, అవి హద్దును ఇస్తాయే తప్ప ఒడ్డును ఇవ్వవు.

ఈ నిర్లక్ష్యానికి జనాభా ఒత్తిడి, మురుగుపారుదల లోపం, భూముల ధర వంటి లౌకిక కారణాలు అందరికీ తెలిసినవే. వాటి వెనక ఒక తాత్త్విక కారణం కూడా ఉంది. మన సంప్రదాయంలో నీటి గురించి ఎక్కువగా వినిపించే భావన పవిత్రత. అంటే కంటికి కనిపించే శుభ్రతతో నిమిత్తం లేకుండా నీటికి స్వతహాగా ఉండే పావనశక్తి. మనుస్మృతి నాలుగో అధ్యాయం నీళ్లలో మలమూత్రాలు విడవరాదనీ, ఉమ్మరాదనీ, అశుచి వస్తువులు వేయరాదనీ స్పష్టంగా నిషేధించింది. తొమ్మిదో అధ్యాయం చెరువును తెగ్గొట్టినవాడికీ, చెరువులోకి నీరు వచ్చే దారిని పాడుచేసినవాడికీ దండన విధించింది. ఇంత గట్టి నిషేధం ఉన్నా పవిత్రతా భావన రెండు వైపులా తప్పించుకునే దారులు తెరిచింది. నీరు దివ్యమైతే దాన్ని ఏ మాలిన్యమూ అంటదు కాబట్టి కాపాడవలసిన అవసరం లేదన్నది మొదటి దారి. నీరు మురుగైపోతే అది ఇక జలమే కాదు కాబట్టి నిషేధం దానికి వర్తించదన్నది రెండో దారి. గంగ విషయంలో మొదటి వాదం వినిపిస్తుంది, నాలా విషయంలో రెండోది. దేన్ని పట్టుకున్నా ఫలితం ఒకటే: కర్తవ్యం ఎవరి మీదా పడదు. పవిత్రతను పదార్థంలో వెదికే ఆలోచన నీటిని పూజించగలదు, కాపలా కాయలేదు.

తెలంగాణ జానపద మతంలో దీనికి భిన్నమైన దృష్టి ఉంది. ఊరి చెరువు ఉన్నచోట కట్ట మీదనో కట్ట మొదట్లోనో కట్టమైసమ్మ ఉంటుంది. హుస్సేన్‌సాగర్‌కు లోయర్ ట్యాంక్‌బండ్ దగ్గర ఉన్న గుడి అలాంటిదే. ఈ దేవత నీటిలో ఉండదు, నీటికి అధిదేవత కూడా కాదు. ఆమె కట్టకు కావలి. ఆషాఢంలో బోనాలు ఎత్తేవారు ఆమెను వేడుకునేది ప్రధానంగా రోగం రాకుండా, కట్ట తెగకుండా చూడమనే. గుడి ఉన్న తావు కూడా ఆలోచించదగినది: అది చెరువు నిండుగా కనిపించే పైవైపున కాకుండా, కట్ట తెగితే మొదట కొట్టుకుపోయే కిందివైపున ఉంది. ఈ దృష్టిలో పూజ అందుకునేది మనుషులు మట్టీ రాయీ మోసి కట్టిన పని, ఆ పని చెడిపోకుండా చూసే మెలకువ. పల్లెల్లో తూములు ఎత్తి దించుతూ, కట్టకు పడ్డ బుంగలు పూడుస్తూ, పొలాలకు నీరు పంచే నీరటికాడి వృత్తి ఈ నమ్మకానికి లౌకిక రూపం. పవిత్రత ఒక పదార్థం గుణమని కాక, జాగ్రత్తగా కాపాడుకున్న హద్దుకు దక్కే గౌరవమని కట్టమైసమ్మ ఆరాధన చెబుతుంది. అయితే ఈ ఆరాధనకూ పరిమితి ఉంది: కట్ట నిలిచేవరకే దాని చూపు, మత్తడి దాటి వెళ్లిపోయిన నీటిని అది పట్టించుకోలేదు. నాలాకు దేవత లేకపోవడం యాదృచ్ఛికం కాదు. వెళ్లిపోయే నీరు ఎవరి పొలానికీ పనికిరాదని, పనికిరానిదానికి కావలి అక్కరలేదని ఊరు అనుకుంది.

మిగిలిన దారిని పూర్తధర్మం చూపిస్తుంది. వైదిక సంప్రదాయం పుణ్యకర్మలను ఇష్టమనీ పూర్తమనీ రెండుగా విభజించింది. ఇష్టం అంటే అగ్నిహోత్రం, యజ్ఞం వంటి శ్రౌతకర్మలు. పూర్తం అంటే బావులు, చెరువులు తవ్వించడం, గుళ్లు కట్టించడం, తోటలు వేయించడం, అన్నం పెట్టడం. ఇష్టకర్మలకు అధికారం కొందరికే ఉండగా, పూర్తకర్మలకు స్త్రీలతో, శూద్రులతో సహా అందరికీ అధికారం ఉందని ధర్మశాస్త్రకారులు అంగీకరించారు. తెలుగు రాజులు, దండనాయకులు, వర్తకులు సప్తసంతానాలుగా లెక్కించుకున్న పుత్రుడు, తటాకం, కావ్యం, నిధి, దేవాలయం, వనం, అగ్రహారాలలో తటాకమూ వనమూ రెండూ చోటుచేసుకోవడానికి కారణం ఈ పూర్తభావనే. చెరువు, దాని ఒడ్డున తోట అన్న జంట ఆధునిక నగర ప్రణాళిక కొత్తగా కనిపెట్టింది కాదు. కొత్తదల్లా దాని యజమాని ఎవరన్న చిక్కు.

ఈ చిక్కును ధర్మశాస్త్రం దానానికీ ఉత్సర్గానికీ మధ్య చేసిన తేడా విప్పుతుంది. దానంలో దాత తన స్వత్వాన్ని, అంటే యాజమాన్యాన్ని, వదులుకొని ప్రతిగ్రహీతకు స్వత్వం కలిగిస్తాడు. పుచ్చుకునేవాడు లేనిదే దానం పూర్తి కాదు, ఇచ్చేశాక ఆ వస్తువును దాత వాడుకోకూడదు. ఉత్సర్గంలో పుచ్చుకునేవాడు ఒక వ్యక్తి కాదు. చెరువునో తోటనో సర్వభూతాల కోసం విడిచిపెడుతున్నానన్న సంకల్పంతో కర్త తన హక్కును వదులుకుంటాడు. ఆ తర్వాత అతడు ఆ నీటిని వాడుకోవచ్చు, కాని యజమానిగా కాదు, సర్వభూతాల్లో ఒకడిగా. పాండురంగ వామన్ కాణే తన ధర్మశాస్త్ర చరిత్ర రెండో సంపుటంలో నిబంధ గ్రంథాల ఆధారంగా ఈ భేదాన్ని వివరించాడు. ఆస్తి చేతులు మారడానికీ ఆస్తి అన్న భావనే తొలగిపోవడానికీ ఉన్న దూరమే ఈ భేదం. ప్రభుత్వం పార్కును ప్రజలకు ఇచ్చిందని శిలాఫలకాల మీద చెక్కడం దానపు భాష. ఒడ్డు విషయంలో ధర్మశాస్త్రం కోరేది ఉత్సర్గం.

మత్స్యపురాణం చెప్పిన తటాక ప్రతిష్ఠా విధిని దగ్గరగా చూస్తే ఈ మాట మరింత స్పష్టపడుతుంది. చెరువు తవ్వడం పూర్తయ్యాక వేదిక కట్టి హోమాలు చేసి, బంగారంతో చేసిన తాబేలునూ మొసలినీ, వెండితో చేసిన చేపనూ, రాగితో చేసిన ఎండ్రకాయనూ కప్పనూ, ఇనుముతో చేసిన మరో జలచరాన్నీ పాత్రలో ఉంచి, చివరకు వాటిని నీళ్లలో విడుస్తారు. మనుషుల హక్కుల గురించి మాట్లాడేముందే ఈ విధి ఆ నీటికి మొదటి కాపురస్థులను పేర్కొంటోంది. సర్వభూతాలు అన్నప్పుడు తాబేలూ కప్పా ఎండ్రకాయా లెక్కలోకి వస్తాయని, వాటికి బతకడానికి వీలులేని నీరు విధి ప్రకారం ఇంకా ఉత్సర్గం కాని నీరేనని దీని నుంచి తేల్చుకోవచ్చు. ఒడ్డున గడ్డి పరిచి, దీపాలు పెట్టి, పక్కన పారే నీటిని నల్లగా వదిలేసిన తోట ఈ పరీక్షకు నిలవదు.

ఉత్సర్గంతో పని ముగియదన్న సంగతిని యాజ్ఞవల్క్యస్మృతిలోని ఒక చిన్న నియమం తెలుపుతుంది. ఇతరుల నీళ్లలో స్నానం చేయదలచినవాడు ముందుగా అడుగు నుంచి ఐదు మట్టిముద్దలు తీసి బయట వేయాలని ఆ స్మృతి చెప్పింది. సర్వజనులకూ విడిచిపెట్టని నీటికి ఈ నియమం వర్తిస్తుందని వ్యాఖ్యాతలు వివరించారు. చెరువు తవ్వించినవాడి పాపంలో భాగం స్నానం చేసేవాడికి అంటకుండా ఉండడానికి ఇది ప్రాయశ్చిత్తమని శాస్త్రం ఉద్దేశం. అయినా నియమం చేయించే పని ఏమిటో గమనించాలి: స్నానానికి వచ్చిన ప్రతివాడూ కొంత పూడిక తీసి వెళ్తాడు. వాడుకకు ధర పైకం కాదు, శ్రమ. ఆ శ్రమ కూడా అదే నీటికి మేలు చేసేది. ఒకరు వదులుకోవడం వల్ల ఏర్పడిన ఒడ్డు, వాడుకునేవారంతా రోజూ కొంత చేయడం వల్ల నిలుస్తుందన్న సూత్రం ఇందులో ఉంది. కట్టమైసమ్మ కావలినీ శాస్త్రపు ఉత్సర్గాన్నీ కలిపే ముడి ఇదే.

ఈ చింతన ఒక్క మతానికి పరిమితం కాదు. ఇస్లామీ ధర్మశాస్త్రం నీరు, పచ్చిక, నిప్పు అనే మూడింటిలో జనులంతా భాగస్వాములన్న ప్రవక్త వచనాన్ని ఆధారంగా తీసుకొని పారే నీటి మీద సొంత హక్కును పరిమితం చేసింది. బావికీ ఏరుకూ చుట్టూ హరీమ్ అనే పేరుతో కొంత నేలను నిషిద్ధంగా ఉంచి, దాన్ని ఎవరూ ఆక్రమించరాదని, నీటిని చేరుకోవడానికీ నీటిని బాగుచేయడానికీ అది ఖాళీగా ఉండాలని నిర్ణయించింది. బౌద్ధుల సంయుత్త నికాయంలో తోటలు, వనాలు నాటేవారికీ, వంతెనలు కట్టేవారికీ, చలివేంద్రాలు పెట్టేవారికీ పుణ్యం పగలూ రాత్రీ పెరుగుతూనే ఉంటుందన్న ఉపదేశం ఉంది. యజ్ఞఫలం యజ్ఞంతో ఆగిపోతుంది. తోట ఫలం, దాని నీడలో ఎవరో ఒకరు ఆగినప్పుడల్లా పెరుగుతుంది. సూఫీ కట్టించిన చెరువు, మైసమ్మ కాచే కట్ట, బుద్ధుడు నిలిచిన నీరు ఒక్కచోట ఉన్న ఊళ్లో ఈ మూడు ఆలోచనలూ ఒకే సిద్ధాంతానికి చేరడం గమనార్హం: నీటికీ మన ఇంటికీ మధ్య ఎవరిదీ కాని నేల కొంత ఉండాలి.

ఆ నేలను ఇప్పటి చట్టం బఫర్ అంటుంది. ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 2012 ఏప్రిల్‌లో జీవో 168 ద్వారా తెచ్చిన భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు, 10 మీటర్లకు మించిన వెడల్పున్న నాలాకు 9 మీటర్లు, అంతకు తక్కువైతే 2 మీటర్లు వదలాలి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీరు తాకే మట్టం. హుస్సేన్‌సాగర్‌కు అది సముద్రమట్టానికి 513.41 మీటర్లు. ఆ మట్టం లోపల మునిగే నేలను తెలంగాణ రెవెన్యూ భాషలో శిఖం అంటారు. బియాస్ నది ఒడ్డును ఒక హోటల్‌కు కట్టబెట్టిన కమల్‌నాథ్ కేసులో 1996 డిసెంబరులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, నదులూ ఒడ్డులూ వంటి ప్రకృతి వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని స్పష్టం చేసింది. ఊరి కుంటలూ చెరువులూ సమాజపు ఉమ్మడి వనరులని 2001లో హించ్‌లాల్ తివారీ కేసులో మళ్లీ చెప్పింది. ఈ తీర్పులను ఉత్సర్గ భావనతో కలిపి చదివితే ఒక ముఖ్యమైన సంగతి తేలుతుంది: ప్రభుత్వం ఒడ్డును ప్రజలకు ఇవ్వలేదు, ఎందుకంటే అది ఎన్నడూ ప్రభుత్వానిది కాదు. ప్రభుత్వం చేయగలిగింది నీరటికాడి పని. దాతగా శిలాఫలకం వేసుకునే అధికారం దానికి లేదు. కావలి కాయని పక్షంలో తప్పు మాత్రం దానిదే.

నారాయణగూడకు దూరం కాని బాగ్‌అంబర్‌పేటలో ఉన్న బతుకమ్మకుంట ఈ వాదాన్ని పరీక్షించడానికి తగిన ఉదాహరణ. పాత రికార్డుల్లో 14 ఎకరాల పైచిలుకు ఉన్న ఈ కుంట పూడికతో, ఆక్రమణలతో, పిచ్చిమొక్కలతో కనుమరుగై 5 ఎకరాల పైచిలుకు మిగిలింది. దాని యాజమాన్యం గురించి వివాదం కోర్టు దాకా వెళ్లింది. చెరువుల ఆక్రమణలను తొలగించడానికి 2024 జులైలో ఏర్పడిన ప్రభుత్వ సంస్థ హైడ్రా ఆ మిగిలిన నేలలో తవ్వకం మొదలుపెడితే 2025 ఫిబ్రవరిలో కొద్ది లోతులోనే నీరు పైకి వచ్చింది. గట్టు, నడకదారి, చెట్లతో బాగుచేసిన కుంటను 2025 సెప్టెంబరు 28న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి బతుకమ్మ ఉత్సవంతో ప్రారంభించారు. అంతకు ఒకటి రెండు రోజుల ముందే మూసీ పొంగి మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌లోకి నీరు వచ్చింది. 1908లో మూసీ వరద నగరాన్ని ముంచిన తేదీ కూడా సెప్టెంబరు 28. బాగుచేయడం వేడుక కోసమే కాదని, నీరు నిలవడానికి చోటులేని ఊళ్లో నీరు తన చోటును తానే తీసుకుంటుందని ఆ వారం చెప్పకనే చెప్పింది.

బతుకమ్మ ఆరాధనలో ఒడ్డుకు ఉన్న స్థానం ఏ పార్కు నమూనాలోనూ కనిపించనిది. తాంబాళంలో గునుగు, తంగేడు, బంతి, చామంతి పూలను వరసలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, స్త్రీలు చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ పాడి, ఆ పూలరాశిని నీళ్లలో వదిలిపెట్టేదాకా పండుగ ముగియదు. దేవతను చేసింది బీళ్లలో, గట్లమీద పూసే పూలతో. ఆమెను చేర్చేది నీటికి. ఇంట్లో మొదలైన పూజ ఊరి ఉమ్మడి నేల మీద పూర్తికావాలన్నది ఈ పండుగ విధించిన నియమం. కాబట్టి ఒడ్డు లేకపోతే పూజకు అంతం లేదు; ఉన్న ఒడ్డుకు నీటిలోకి దిగే వాలూ మెట్లూ లేకపోతే తాంబాళం పట్టుకున్న స్త్రీ రక్షణగోడ దగ్గరే ఆగిపోవాలి. ఇదే కొలతతో వినాయక నిమజ్జనాన్నీ చూడవచ్చు. మట్టి విగ్రహం నీటిలో కరిగి పూడికగా మారినా ఆ మట్టి నీటికి పరాయిది కాదు. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ విగ్రహం కరగక, రంగులు వదిలి, క్రేన్లతో తిరిగి తీయించుకుంటుంది. ఐదు మట్టిముద్దల నియమం నీటి నుంచి మట్టి తీయమంది. ఈ కొత్త అలవాటు నీటిలో బరువు పోస్తోంది. తెలంగాణ హైకోర్టు 2021లో హుస్సేన్‌సాగర్‌లో అలాంటి విగ్రహాల నిమజ్జనాన్ని వారించినప్పుడు దాన్ని మతంలో జోక్యంగా భావించినవారు, శాస్త్రమే నీటిలో ఏది వేయరాదో ముందుగా చెప్పిందన్న విషయం మరిచారు.

ఒడ్డును విడిపించడం గురించి అన్నిటికంటే బరువైన ఆక్షేపణ అక్కడ బతుకుతున్న మనుషుల గురించి వస్తుంది. 2024 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మూసీ గర్భంలోని ఇళ్లకు గుర్తులు వేసి, కొన్నిటిని కూల్చి, కుటుంబాలను రెండు పడకగదుల ఇళ్లకు తరలించినప్పుడు నగరంలో లేచిన నిరసన ఈ ఆక్షేపణ బరువును చూపింది. అన్యాయార్జితమైన సొమ్ముతో చేసిన పూర్తకర్మకు ఫలం లేదన్నది ధర్మశాస్త్రాల ఉమ్మడి మాట. పేదవాడి గూడు లాక్కొని వేసిన తోటకు ఆ మాట వర్తించదని చెప్పడం కష్టం. మరోవైపు, శిఖం భూమిని తెలిసి తెలిసి ప్లాట్లుగా అమ్మినవాడినీ, ఆ ప్లాటులో అద్దెకు ఉన్న కూలీనీ ఒకే తక్కెడలో తూచడం కూడా న్యాయం కాదు. సర్వభూతాల్లో నాలా పక్క గుడిసెలో ఉండే మనిషి ఉన్నాడు. కట్ట తెగితే, నాలా పొంగితే మొదట మునిగేదీ అతడే. అతడు ముంపు నుంచి బయటపడడం, అతడి పిల్లల బడి దూరం కాకపోవడం, కొత్త ఒడ్డు మీద అతడికి కూడా కూర్చునే హక్కు ఉండడం ఈ మూడూ నెరవేరిన తర్వాతనే ఉత్సర్గం అన్న మాటకు అర్హత వస్తుంది. ముంపును ఆపడమూ నివాసాలను బాగుచేయడమూ కలిసి సాగిన ఉదాహరణ ఈ ఊళ్లోనే ఉంది. 1908 వరద తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్ 1920లోనూ హిమాయత్‌సాగర్ 1927లోనూ పూర్తయ్యాయి. 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలను పునర్నిర్మించే పని చేపట్టింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ వరదవేళ మూసీకి పూజ చేశాడని జనశ్రుతి. ఆ పూజకు ఫలం ఏదైనా ఉంటే అది తర్వాతి ఇరవై ఏళ్ల శ్రమలో దక్కింది.

రెండో ఆక్షేపణ ప్రజలందరిదీ అన్న మాట అర్థం గురించి. కట్ట కింద, దోమలగూడ అశోక్‌నగర్‌ల అంచున ఉన్న ఇందిరాపార్కుకు 1975 సెప్టెంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. 76 ఎకరాల ఆ తోట 1978లో జనానికి తెరుచుకుంది. పొద్దున్నే నడిచేవారికి అది తోట. పక్క రోడ్డున ఉన్న ధర్నాచౌక్ వల్ల అంగన్‌వాడీ కార్యకర్తలకూ, నిరుద్యోగులకూ, రైతులకూ అది మొర చెప్పుకునే చోటు. చుట్టుపక్కల కాలనీలకు ఇబ్బంది అన్నది ఒక కారణంగా చూపి 2017లో అక్కడ ధర్నాలను నిలిపివేశారు. 2018 నవంబరులో హైకోర్టు మళ్లీ అనుమతించమంది. ఉత్సర్గం దృష్టితో చూస్తే ఈ వివాదం చిన్నది కాదు. సర్వభూతాలకూ విడిచిన నేల మీద ఎవరు మర్యాదస్థులో, ఎవరి సందడి సహించదగినదో నిర్ణయించే అధికారం తిరిగి ఒక యజమానికి దఖలైతే, వదులుకున్న స్వత్వం మరో రూపంలో వెనక్కి వచ్చినట్టే. టిక్కెట్టు కిటికీ, అలంకార ద్వారం, ఒక వర్గం అలవాట్లకు అనుకూలమైన వేళలు అన్నీ ఈ వెనక్కి రావడంలో మెట్లు. ఒడ్డు మీద కొత్త విగ్రహం, కొత్త గుడి, కొత్త జెండా కట్టే ఉత్సాహమూ అలాంటిదే. దేవుడి పేరుతో చేసినా ఆక్రమణ ఆక్రమణే, ఎందుకంటే ఉత్సర్గంలో పుచ్చుకునేవాడిగా ఏ ఒక్క దేవతనూ పేర్కొనలేదు.

మూడో చిక్కు పాలనకు సంబంధించింది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు 1369లో కడప సీమలోని పోరుమామిళ్లలో వేయించిన చెరువు శాసనం మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలనూ, చెరువుకు పట్టే ఆరు దోషాలనూ లెక్కపెట్టింది. కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు నడుమ మిట్ట వంటి దోషాల పక్కనే, రెండు రాజ్యాల సరిహద్దున ఉండడాన్ని కూడా ఒక దోషంగా చెప్పింది. ఎంత మంచి కట్ట కట్టినా దాని బాధ్యత ఇద్దరు ప్రభువుల మధ్య పడితే చెరువు నిలవదని ఆ శాసనకర్త ఎరుగును. నేటి నాలా గోడలు ఒక శాఖవి, అందులో పడే మురుగు మరో శాఖది, ఒడ్డు కొలతలు రెవెన్యూవి, చెరువు నీటిమట్టం ఇంకొకరిది; నాలా ఎన్నో రాజ్యాల సరిహద్దున పారుతోంది. ఆంధ్ర, రాయలసీమల్లో చెరువుల మరమ్మతుకు దశబంధం అనే మాన్యం ఉండేది. మరమ్మతు చేసేవాడికి భూమి ఫలంలో ఒక భాగం శాశ్వతంగా కేటాయించే ఏర్పాటు అది. కట్టేవాడికి కీర్తి, కాపాడేవాడికి జీవిక అన్న ఆ పద్ధతిలో ఉన్న వివేకం, ప్రారంభోత్సవానికి నిధులు పెట్టి నిర్వహణకు పెట్టని నేటి పద్ధతిలో లేదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు సమాధానం చెప్పవచ్చు. అశోక్‌నగర్ నుంచి నారాయణగూడ దాకా నాలాకు రెండు పక్కలా చట్టం చెప్పిన తొమ్మిది మీటర్ల నేలను విడిపించి, నడకదారీ చెట్లూ నీటిలోకి దిగే మెట్లూ ఏర్పాటు చేయడం పూర్తధర్మం కాగలదు. కాని నీరు పవిత్రం కాబట్టి కాదు, ప్రభుత్వం దాత కాబట్టీ కాదు. ఆ నేల మీద ఎవరికీ, దేవుడి పేరుతో సహా, సొంతం అన్న మాట మిగలకపోవడం వల్ల. అక్కడి నుంచి లేచినవారికి ముందుగా నీడ దొరకడం వల్ల. నీటిలో తాబేలూ చేపా మళ్లీ బతకగలగడం వల్ల. ఆ ఒడ్డును వాడుకునే ఊరు ఏటా కొంత పూడిక తీసే బాధ్యతను తనదిగా అంగీకరించడం వల్ల అది ధర్మం అవుతుంది. ఈ నాలుగింటిలో మొదటిది ఒక్క జీవోతో తేలే పని, రెండోది బడ్జెట్‌తో తేలేది, మూడోది మురుగును వేరుచేసే యంత్రాలతో తేలేది. నాలుగోది మాత్రం ఏ ప్రభుత్వమూ ఒకసారి చేసి ముగించలేనిది; అందుకే పార్కు తెరిచిన రోజున దాని పుణ్యం లెక్క మొదలవుతుందే తప్ప, తేలదు.